చెంపకు సున్నం

మొన్న అరకు వెళ్లాం. బొర్రా గుహలు, కాఫీ, బొంగు చికెన్ అన్నీ అయ్యాయి. వాటి గురించి ఎవరైనా రాస్తారు. నేను చెప్పాల్సింది ఒక తోటలోని సిల్వర్ ఓక్ చెట్టు గురించి.

దాని బెరడు నిండా బూడిద రంగు మచ్చలు. అవి లైకెన్లు. నాకు వాటి పిచ్చి ఉంది, జేబులో భూతద్దం ఉంటుంది. అది బయటికి తియ్యగానే మా ఆవిడ పిల్లల్ని తీసుకుని ఐస్‌క్రీమ్ బండి వైపు వెళ్లిపోయింది. బావమరిది మాత్రం దొరికిపోయాడు.

"ఇది ఒక్క ప్రాణి కాదురా. శిలీంధ్రం గూడు కడుతుంది, అందులో ఉండే శైవలం, అదే నాచు లాంటిది, ఎండతో తిండి తయారు చేస్తుంది. 1867లో శ్వెండెనర్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మాటంటే పండితులంతా ఆయన మీద పడ్డారు" అంటూ బాటిల్లో మిగిలిన నీళ్లు మచ్చ మీద పోశాను. తడవగానే పైపొరలోంచి లోపలి శైవలం కనబడి మచ్చ పచ్చబడింది. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

ఈ రకం భూతద్దాన్ని కంటికి ఆనించి, మొహాన్ని చెట్టుకు ఆనించాలి. ఆనించాను. అప్పుడే ఎడమ చెంప మీద చల్లగా, చిక్కగా ఏదో పాకింది. కప్పేమో అనుకున్నాను. కప్పకు అంత పొందిక ఉండదు. చెవి దగ్గర మొదలై, తొందర లేకుండా ముక్కు దాకా వచ్చి, సందేహం వచ్చినట్టు ఆగి, వెనక్కి వెళ్లి రెండో పూత కూడా వేసింది.

1866లో నైలాండర్ అనే ఆయన (శ్వెండెనర్ మీద పడ్డవాళ్లలో ఈయనా ఉన్నాడు) పారిస్‌లోని లక్సంబర్గ్ తోటలో లైకెన్లు పరిశీలించి, అవి బాగా పెరిగితే అక్కడి గాలి మంచిదన్నట్టేనని రాశాడు. అంత పరిశీలించాలంటే ఆయనా చెట్లకు మొహం ఆనించే ఉంటాడు కదా. ఆయనకు సున్నం వేసినట్టు ఎక్కడా చదవలేదు.

చెట్టు అవతల నుంచి కుంచెతో సహా ఒక పెద్దాయన తొంగిచూశాడు. "ఓర్నాయనో! సెట్టుకి ముక్కు మొలిసిందేటి అనుకున్నాను బాబూ!"

ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నారట. ఆఫీసరు వస్తే చెట్లకు సున్నం, దానిపైన జేగురు పట్టీ. చెదలు పట్టకుండా అంటారు. ఆ చెదలు ఆఫీసరు వచ్చే ముందే ఎందుకు గుర్తొస్తాయో ఎవరూ చెప్పరు.

"మిగతా చెట్లకి తామర పట్టేసిందండి, వైర్ బ్రష్‌తో గోకించేశాం" అన్నాడు మేస్త్రీ గర్వంగా.

నాకు ఒళ్లు మండింది. తామర కాదు మహాప్రభో, ఇది చెట్టు రసం తాగదు, బెరడు మీద ఊరికే కూర్చుంటుంది, చాలా రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి, మీరు గోకింది ఏళ్ల తరబడి పెరిగింది అన్నాను. 2005లో కొన్ని లైకెన్లను రెండు వారాలు అంతరిక్షంలో ఆరుబయట ఉంచితే బతికే తిరిగొచ్చాయని కూడా చెప్పాను. అంతరిక్షాన్ని తట్టుకున్నవి మన ఇన్‌స్పెక్షన్‌ను తట్టుకోలేకపోతున్నాయి. సగం మొహం తెల్లగా ఉన్నవాడి మాట ఎవరు వింటారు? మేస్త్రీ నా చెంప వైపే చూస్తూ, "కాస్త పక్కకి జరగండి సార్, మీ వల్ల లైను వంకర పోయింది" అన్నాడు.

జరిగాను.

సున్నం ఆరేకొద్దీ చెంప చురచురమంటోంది. కొళాయి తిప్పితే గాలి వచ్చింది. ఉన్న నీళ్లన్నీ సున్నంలో కలిపేశారట. నా బాటిల్ నీళ్లేమో లైకెన్ తాగేసింది.

"బావా, కదలకు" అన్నాడు బావమరిది. అప్పటిదాకా నా మాట ఒక్కటీ పట్టించుకోనివాడు ఫొటో మాత్రం శ్రద్ధగా తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మామగారు ఎప్పుడూ గ్రూపులో ఏమీ రాయరు. ఆ రోజు రాశారు: "అల్లుడుగారికి జేగురు ఎప్పుడు వేస్తారట?"