బ్యాంకాక్ మొదటి రోజు: కొన్ని చేర్పులు

బ్యాంకాక్ వెళ్లే జంటకి మొదటి రోజు గురించి చెప్పిన ఒక వ్యాసంలో, సువర్ణభూమి విమానాశ్రయం నుంచి బస చేసే ఖావోసాన్ రోడ్డుకి నేరుగా ట్యాక్సీ ఎక్కమని రాశారు. అర్ధరాత్రి దిగే జంటకైతే సరే, అప్పటికి రైళ్లు ఉండవు. పగలైతే అడుగున బి అంతస్తులో ఎయిర్‌పోర్ట్ రైలెక్కండి. ఫయా థాయ్ దాకా మనిషికి 45 బాత్, అరగంట ప్రయాణం. డబ్బు కూడా ఆ అంతస్తులోనే మార్చుకోండి, పైన బ్యాంకు కౌంటర్ల కంటే రేటు నయం. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 200 బాత్‌కి పైనే కోత, అందుకే ఇద్దరికీ కలిపి ఒకేసారి తీయాలి. రూపాయల్లో లెక్కకట్టమంటారా అని తెర మీద అడిగితే వద్దని నొక్కండి, లేదంటే రేటులో ఇంకోసారి వాత.

ఖావోసాన్‌కి మెట్రో లేదు. ఫయా థాయ్ నుంచి బీటీఎస్ అనే స్కైట్రైన్‌లో వెళ్లి సఫాన్ తాక్సిన్ దిగి, పక్కనే ఉన్న సాథోన్ రేవులో నది మీద నడిచే ఆరెంజ్ జెండా పడవెక్కి ఫ్రా ఆథిత్ దగ్గర దిగాలి. టూరిస్టు పడవ టికెట్ అంతకంటే ఎక్కువ, తొందరపడి కొనకండి.

గ్రాండ్ ప్యాలెస్ బయట ‘ఇవాళ మూసేశారు’ అని చెప్పే టుక్‌టుక్ వాడి మాట అస్సలు నమ్మొద్దు, తీసుకెళ్లి రత్నాల కొట్లో దింపుతాడు. ఉదయం 8:30కి తెరుస్తారు. మోకాళ్లు, భుజాలు కప్పి ఉండాలి. స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే కుదరదు, చేతులున్న చొక్కానే వేసుకోండి.