సీక్వెల్ రావాల్సింది బాకీ వసూలుకు

సినిమా అయిపోయే ముందు తెర మీద 'పార్ట్ 2' అని పడటం ఇప్పుడు మామూలైపోయింది. మొదటిది ఆడుతుందో లేదో తెలియకముందే రెండోదానికి పేరు పెట్టేస్తున్నారు. ఆ రెండో భాగం ఎందుకు కావాలన్నది మాత్రం చాలాసార్లు కథలో ఎక్కడా కనిపించదు. నన్నడిగితే సీక్వెల్‌కు ఒక్క కారణమే ఉండాలి. మొదటి కథలో హీరో గెలిచాడు సరే, ఆ గెలుపు కోసం చేసిన పనుల బాకీ ఎవరు తీరుస్తారు? ఆ ప్రశ్న వేయని సీక్వెల్‌కు ఎన్ని కోట్లు పోసినా దండగే.

'బాహుబలి'ని ఈ చర్చలోకి తేవద్దు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2015 నుంచి 2017 దాకా దేశమంతా అడిగింది నిజమే. కానీ అది ఒకే కథను సరిగ్గా ఉత్కంఠ దగ్గర కోసి, రెండుసార్లుగా చూపించడం. ఇక 'ఆర్య 2'లో కొనసాగింది పేరే, కథ కాదు.

అసలైన సీక్వెల్ అంటే 'దృశ్యం 2'. జీతూ జోసెఫ్ మలయాళంలో రాసి తీసి, అదే 2021లో వెంకటేశ్‌తో తెలుగులోనూ తీశారు. మొదటి భాగం ముగింపు గుర్తుంది కదా. పెద్ద కూతురిని బెదిరించిన కుర్రాడు ఆ ఇంట్లోనే చనిపోతే, తండ్రి రాంబాబు దాచిన శవం కొత్తగా కట్టిన పోలీస్ స్టేషన్ కిందే ఉంది, రాంబాబు కుటుంబం గండం గట్టెక్కింది, మనం హమ్మయ్య అనుకుని లేచి వచ్చేశాం. ఆరేళ్ల తర్వాత చూస్తే ఆ ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు. పెద్ద కూతురికి పోలీసులను చూస్తే ఫిట్స్ వస్తాయి. భార్య కష్టసుఖాలు చెప్పుకునే పక్కింటావిడ నిజానికి మఫ్టీలో ఉన్న పోలీసు. కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు ఇప్పుడు థియేటర్ ఓనర్. అప్పట్లో అతని వైపు నిలబడ్డ ఊరే ఇప్పుడు అతని కూతురి గురించి చెవులు కొరుక్కుంటోంది.

నన్ను బాగా కుదిపేసింది ఇంకొకటి. చనిపోయిన కుర్రాడి తండ్రి రాంబాబు దగ్గరికి వస్తాడు. శిక్ష మాట ఎత్తడు. కొడుకు అవశేషాలైనా దక్కితే కర్మకాండ చేసుకుంటానంటాడు. మొదటి భాగంలో మనం రాంబాబు పక్షాన చప్పట్లు కొట్టినవాళ్లమే. అప్పుడు మనకు పట్టని ఆ తండ్రి ముఖంలోకి ఇప్పుడు చూడక తప్పదు. చివరికి కొడుకు అస్థికలు ఆ తల్లిదండ్రులకు చేరే ఏర్పాటు రాంబాబే చేస్తాడు. పోలీసులకు దొరక్కుండా మళ్లీ తప్పించుకున్నందుకు కాదు, ఆ అస్థికలు ఇచ్చినందుకే ఈ రెండో భాగానికి అర్థం ఉంది.

ఇలా కథ చెప్పడం మనకు ఎవరో నేర్పాల్సిన పని లేదు. భారతంలో సౌప్తిక పర్వంతో చంపుకోవడాలు అయిపోయాయి. అక్కడే మంగళం పాడేయొచ్చు. కానీ ఇంకా ఎనిమిది పర్వాలున్నాయి, తిక్కన ఒక్కటీ వదలకుండా రాశాడు. గెలిచిన ధర్మరాజు రాజ్యం నాకొద్దంటాడు. గాంధారి శాపం 36 ఏళ్లు ఆగి యాదవ కులాన్ని తుడిచిపెడుతుంది. ఆశ్రమవాస పర్వంలో, 15 ఏళ్లు పాండవుల పంచన బతికిన ధృతరాష్ట్రుడు అడవికి పోతూ, చచ్చిన కొడుకులకు శ్రాద్ధం పెట్టుకోవడానికి డబ్బు అడుగుతాడు. ఇవ్వొద్దంటాడు భీముడు. ఆ కొడుకులను చంపింది తానే, గెలిచి అన్నేళ్లయింది, అయినా పగ చల్లారలేదు. చివరికి ధర్మరాజు ఇప్పిస్తాడు. ఆ ముసలి తండ్రికీ, రాంబాబు ముందు నిలబడ్డ తండ్రికీ కావాల్సింది ఒకటే.

జనం సినిమాకు వచ్చేది నవ్వుకోవడానికి, ఇష్టమైన పాత్రను మళ్లీ చూసుకోవడానికి అనేవాళ్లున్నారు. 'టిల్లు స్క్వేర్' ఆడలేదా అంటారు. ఆడింది. కామెడీలో వాడు మళ్లీ అదే గోతిలో పడటమే సరదా, దాన్ని నేనూ కాదనను. కానీ కత్తి పట్టినవాడి కథకు, చట్టాన్ని చేతిలోకి తీసుకున్నవాడి కథకు ఆ మినహాయింపు ఇవ్వలేం.

ఇవ్వకూడదని తెలిసీ ఎందుకు ఇస్తున్నారంటే, మన పెద్ద హీరోకు వయసు రాకూడదు, తప్పు తగలకూడదు. 'భారతీయుడు'లో సేనాపతి 1996 నాటికే వృద్ధుడు, స్వాతంత్ర్య సమరయోధుడు. 2024లో 'భారతీయుడు 2' వచ్చేసరికి నూరేళ్లు దాటినవాడు. అయినా ఫైట్లు చేస్తాడు. మొదటి భాగంలో ఆయన కన్నకొడుకునే చంపాడు. ఆ తండ్రి ఇన్నేళ్లూ ఆ బరువుతో ఎలా బతికాడన్నదే అసలు కథ కావాలి. కాలేదు. మన దగ్గరా ఇదే తంతు. హీరో కుంగిపోయే సీను రాస్తే ఫ్యాన్స్ ఒప్పుకోరంటారు. నేనైతే ఆ మాట నమ్మను. రాంబాబుగా వెంకటేశ్ భయపడితే, తండ్రిగా నలిగిపోతే ఎవరూ కాదనలేదు. ఒప్పుకోనిది ఫ్యాన్స్ కాదు, హీరో చుట్టూ కూర్చుని కథ వినేవాళ్లు. రచయిత చేతిలో కథ ఉన్నంతకాలం పాత్ర ఎదుగుతుంది. ఇమేజ్ చేతిలోకి పోయిందా, పాత్ర అక్కడే ఆగిపోతుంది.

'పుష్ప 2' చివర్లో మూడో భాగం పేరు వేశారు. పుష్పరాజ్ మొదలైంది శేషాచలం అడవిలో ఎర్రచందనం నరికే కూలీగా. రెండో భాగంలో పట్టుబడ్డ తన కూలీలను స్టేషన్ నుంచి విడిపించుకుంటే థియేటర్లలో ఈలలు పడ్డాయి. బయట అదే శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. సిండికేట్‌ను ఏలే పుష్పరాజ్ కోసం చెట్టు నరకడానికి వెళ్లిన కూలీ తిరిగి రాకపోతే, అతని భార్య వచ్చి పుష్పరాజ్ గుమ్మం ముందు నిలబడితే, 'తగ్గేదే లే' అన్న నోటితో ఆమెకు ఏం చెబుతాడు? మూడో భాగం రాసేవాళ్లు ఆ సీను రాయగలిగితే మొదటి ఆటకే వెళ్తాను.