ముందు బెంచీలో కూర్చోబెడితే సరిపోతుందా?

లోపలి చెవిలో అమర్చి, శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా నాడికి అందించే పరికరం కాక్లియర్ ఇంప్లాంట్. ఆ శస్త్రచికిత్స ఆరోగ్యశ్రీ పరిధిలోకి వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టు చెవుడున్న పేదింటి పిల్లలకూ మాట నేర్చి మామూలు బడికి వెళ్లే దారి ఏర్పడింది. అయితే స్పీచ్ థెరపీ గదిలో చెప్పిన మాటనల్లా తిరిగి చెప్పే పిల్ల తరగతిలో పక్కవాళ్ల నోటుబుక్కులోకి తొంగిచూస్తుంటే, శ్రద్ధ లేదని తేల్చేస్తున్నారు, లేదా ముందు బెంచీలో కూర్చోబెట్టమని సలహా ఇచ్చి ఊరుకుంటున్నారు. చాలాసార్లు లోపం గదిది.

సహజమైన లోపలి చెవిలో శబ్దాన్ని నాడికి అందించే కణాలు సుమారు 3,500 ఉంటే, ఇంప్లాంట్‌లో ఆ పని చేసే ఎలక్ట్రోడ్లు తయారీని బట్టి 12 నుంచి 22 మాత్రమే. సూక్ష్మమైన స్వరభేదాలు వాటిలో ఇమడవు కనుక, శబ్దం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఎక్కడ ఆగింది అన్న దాన్ని పట్టుకునే ఆ పిల్ల మాటను పోల్చుకోవాలి. గోడలకు తగిలి ఆలస్యంగా వచ్చే ధ్వని సరిగ్గా ఆ విరామాలనే పూడ్చేస్తుంది. 'అటు'కూ 'అట్టు'కూ తేడా ప్రధానంగా నాలుక అడ్డుపడి శబ్దం ఆగే వ్యవధిలోనే ఉంది. 'బడికి', 'బడిలో' అన్నప్పుడు అర్థాన్ని మార్చే అక్షరం చివర్లో, గొంతు తగ్గాక వస్తుంది. ముందున్న అచ్చు ఇంకా మోగుతుంటే ఆ రెండు ఆధారాలూ మసకబారతాయి. రెండు చెవులతో వినే మనకు మెదడు ఈ ప్రతిధ్వనిని చాలావరకు పక్కకు నెట్టేస్తుంది. ఒక చెవికే ఇంప్లాంట్ ఉన్న పిల్లకు ఆ వెసులుబాటు లేదు.

గదిలో మోగిన శబ్దం 60 డెసిబెళ్లు తగ్గడానికి, అంటే దాదాపు వినబడకుండా పోవడానికి పట్టే సమయం మామూలు పరిమాణపు తరగతి గదుల్లో 0.6 సెకన్లు దాటరాదని అమెరికా ప్రమాణం. శ్లాబు, సిమెంటు గోడలు, గట్టి నేల ఉన్న 20 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు గదిలో కిటికీలు మూసి, ముప్పై మంది పిల్లలను కూర్చోబెట్టి లెక్కవేస్తే అది ఒకటిన్నర సెకన్ల దగ్గర తేలుతుంది. అలాంటి చోట టీచరు నోటి నుంచి నేరుగా వచ్చే మాట ప్రతిధ్వనిని మించి వినబడేది మీటరు లోపే. ముందు బెంచీ సాధారణంగా అంతకన్నా దూరం. పెదవుల కదలిక కనబడుతుంది కనుక ఆ సలహా పనికిరానిదని అనను, కానీ అక్కడితో బాధ్యత తీరిపోయిందనుకోవడమే తప్పు.

తెరిచిన కిటికీ తన మీద పడిన ధ్వనినంతా బయటికి వదిలేస్తుంది. గదుల ధ్వనిశాస్త్రానికి పునాది వేసిన అమెరికా శాస్త్రవేత్త వాలెస్ సబీన్ 1890ల్లో ధ్వనిశోషణకు కొలమానంగా తీసుకున్నది దాన్నే. మన బళ్లలో కిటికీలు తెరిచే ఉంటాయి గదా అనవచ్చు. నిజమే, కానీ ప్రతిధ్వని పోయిన దారినే పక్క తరగతి ఎక్కాలు, రోడ్డు మీది హారన్లు లోపలికి వస్తాయి.

టీచరు కాలరుకు తగిలించే వైర్‌లెస్ మైకు ఈ రెండు చిక్కులనూ చాలావరకు దాటుతుంది, ఎందుకంటే గది కలుషితం చేయకముందే మాట పిల్ల పెట్టుకున్న ఇంప్లాంట్ ప్రాసెసర్‌కు చేరుతుంది. గోడల సంగతికి వస్తే, అవి ధ్వనిని పీల్చుకునేలా చేయడానికి కోడిగుడ్ల అట్టలు అంటించడం దండగ. నెల్లిమర్ల జ్యూట్ మిల్లుకు పేరున్న ప్రాంతంలో మందపాటి జనపనార పట్టాలను, నిప్పంటుకోకుండా శుద్ధి చేయించి, గోడకు కాస్త ఎడంగా బిగించడం అసాధ్యమేమీ కాదు. శస్త్రచికిత్స మంజూరు చేసేటప్పుడే మైకు ఖర్చునూ అందులో చేర్చి, పిల్ల బడిలో చేరే ఏడాది ఆ తరగతి గదిని ఒక వినికిడి నిపుణుడు (ఆడియాలజిస్టు) చూసి వెళ్లేలా నిబంధన పెట్టాలి.