సవరణ: పాలిమర్ నుంచి చేసిన సిలికాన్ కార్బైడ్ దారం గురించి

పోయిన ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో పిల్లలకు చెప్పిన పాఠాన్ని ఇక్కడ పెట్టాను. అందులో, పాలిమర్‌ను (చిన్న అణువులు గొలుసులా కలిసిన పదార్థాన్ని) కాల్చి తీసిన సిలికాన్ కార్బైడ్ (సిలికాన్, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) దారం మామూలు సిలికాన్ కార్బైడ్‌లాగే 2000 డిగ్రీలు దాటినా చెక్కుచెదరదని రాశాను. అది తప్పు, నాదే పొరపాటు. విజయవాడలో మెటీరియల్స్ చదువుతున్న పాత విద్యార్థిని ఫోన్ చేసి చెప్పింది. సెరామిక్స్ పాఠ్యపుస్తకాలు మళ్ళీ తిరగేస్తే ఆమె మాటే నిజమని తేలింది.

1975లో జపాన్‌లో సెయిషి యాజిమా అనే శాస్త్రవేత్త చూపిన పద్ధతిలో పాలికార్బోసిలేన్‌ను (సిలికాన్, కార్బన్ గొలుసు ఉన్న పాలిమర్‌ను) దారంగా తీస్తారు. కాల్చేటప్పుడు కరిగిపోకుండా ముందుగా గాలిలో వేడిచేసి గట్టిపరుస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. అప్పుడు దారంలోకి చేరే ఆక్సిజన్ బరువులో 10 శాతం పైమాటే. సుమారు 1200 డిగ్రీలు దాటాక ఆ ఆక్సిజన్ కార్బన్ మోనాక్సైడ్‌గా, సిలికాన్ మోనాక్సైడ్‌గా బయటికి పోతుంది. లోపలి స్ఫటికాలు పెరుగుతాయి, దారం బలం పడిపోతుంది. సిలికాన్ కార్బైడ్ తానుగా విడిపోయే వేడి రాక ముందే ఇదంతా జరుగుతుంది. నేను పదార్థం విడిపోవడాన్నీ దారం బలం తగ్గడాన్నీ ఒకటిగా చూశాను.

తర్వాతి తరం దారాలను గాలికి బదులు ఎలక్ట్రాన్ కిరణాలతో గట్టిపరిచి, ఆక్సిజన్‌ను 1 శాతంలోపుకు తెచ్చారు. అవి ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటాయి. పాత పోస్టు నోట్సులో రాసుకున్నవాళ్ళు దయచేసి ఆ వాక్యం కొట్టేయండి.