ట్యాబ్ మూసుకుంటే లాగౌట్ అయినట్టేనా?

కావలి నుంచి ఒంగోలు దాకా నెట్ సెంటర్ల గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్: "వెబ్ పేజీలో నిన్న పనిచేసిన 'మూసివేయి' బటన్ ఇవాళ పనిచేయకపోతే సిస్టమ్ హ్యాక్ అయినట్టే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సెట్టింగ్ మార్చి ప్రతి పేజీకీ తనను తాను మూసుకునే హక్కివ్వండి. పేజీ మూసుకుంటే కస్టమర్ అకౌంటు భద్రం. వైరస్ హెచ్చరిక వస్తే అందులోని క్లోజ్ నొక్కండి." పొద్దున ఒకాయన పంపితే సాయంత్రానికి ఆయన బావమరిది పంపుతాడు.

హ్యాకూ లేదు, పాడూ లేదు. స్క్రిప్ట్ (పేజీ లోపల నడిచే కోడ్) తెరిచిన విండోనే స్క్రిప్ట్ మూయాలి. ఎఫ్12 నొక్కి కన్సోల్ (బ్రౌజర్ తప్పులు రాసి చూపించే చోటు) చూడండి, ఆ ముక్కే ఉంటుంది. ట్యాబ్‌లో అదే మొదటి పేజీ అయి, వెనక్కి పోవడానికి ఇంకేమీ లేకపోతే క్రోమ్ మూయనిస్తుంది. రెండు పేజీలు తిరిగాక అదే బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. పనిచేయదని తెలిసీ ఆ బటన్ పెట్టిన సైటువాళ్లను మాత్రం తిట్టాల్సిందే, అక్కడ మీ కోపం న్యాయమే.

సెట్టింగ్ సంగతి. రోజంతా ఒకే సైట్ నడిపే కియోస్క్ అయితే మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పదిమంది కూర్చునే సిస్టమ్‌లో మాత్రం వద్దు. అప్లికేషన్ నింపి, అదే ట్యాబ్‌లో ఇంకో పేజీకి పోతే, అది తనను తాను మూసుకుందనుకోండి. వెనక్కి పోయే దారి కూడా దాంతోపాటే పోయింది. కంట్రోల్+షిఫ్ట్+టి కొడితే ట్యాబ్ వస్తుంది, టైప్ చేసిందంతా వస్తుందన్న నమ్మకం లేదు. ప్రైవేట్ విండోలో (చరిత్ర దాచుకోని విండో, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో) అదే చివరి ట్యాబ్ అయి విండో కూడా మూసుకుపోతే ఆ ట్యాబ్ కూడా రాదు.

ఇక "మూసుకుంటే భద్రం" అన్న మాట. ఏందబ్బా ఇది! ట్యాబ్ పోతే కుకీ (మీరు లాగిన్ అయ్యారని సైట్ బ్రౌజర్‌లో పెట్టుకునే గుర్తు) పోతుందా? బ్రౌజర్ మూసేదాకా ఉండాల్సిన సెషన్ కుకీ, బ్రౌజర్ నడుస్తున్నంతసేపూ అట్టే ఉంటుంది. "ఆపిన చోటి నుంచి కొనసాగించు" పెట్టుకున్న క్రోమ్‌లో అయితే బ్రౌజర్ మూసి తెరిచినా ఉంటుంది. తర్వాత కూర్చున్నవాడు అదే సైట్ తెరిస్తే ముందాయన అకౌంటు ఆకేసి వడ్డించినట్టు ఎదురుగా ఉంటుంది. అందుకని ముందు లాగౌట్, ఆ తర్వాతే మూయడం. ప్రైవేట్ విండో వాడితే అన్నీ మూయాలి. ఒక్కటి మిగిలినా లాగిన్ బతికే ఉంటుంది, ఎందుకంటే ఆ విండోలన్నిటికీ కుకీల డబ్బా ఒకటే.

వైరస్ పేజీలోని క్లోజ్ అనేది దొంగ గీసిన తలుపు బొమ్మ. నొక్కితే ఫుల్‌స్క్రీన్ అయినా కావచ్చు. ఎస్కేప్ నొక్కి పట్టుకోండి, ఆపైన కంట్రోల్+డబ్ల్యూ కొట్టి ట్యాబ్ మూయండి. కదలకపోతే కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్ కొట్టి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అని అడిగితే వద్దనండి.