పాత అర్జీని నిద్ర లేపే మర్యాద

పెద్దలకు, ముఖ్యంగా ఆఫీసు టేబుల్‌కు అవతలి వైపు కూర్చునే పెద్దలకు ముందుగా నా క్షమాపణ. పోయిన సోమవారం నేనొక ఘోరం చేశాను. సోమవారం సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి, 2018లో ఇచ్చిన నా అర్జీ ఏమైందని అడిగాను.

అడగకూడదని కాదు. అడగొచ్చు. కానీ దానికో పద్ధతుంది, అది నాకు పట్టుబడలేదు. ఇన్నేళ్లుగా బీరువాలో హాయిగా పడుకున్న కాగితాన్ని తట్టి లేపడమంటే, పసిపిల్లను అప్పుడే పడుకోబెట్టిన ఇంట్లో గిన్నెలు కింద పడేయడమే. సారు ముఖం చూసి నాకే సిగ్గేసింది. ఆ ఆఫీసు పేరు చెప్పను. మీరు ఏ ఆఫీసు అనుకుంటే అదే.

విషయం చిన్నది. ఊళ్లో మా నాన్న పేరిట రెండెకరాల పది గుంటల భూమి ఉంది. 2018లో కొత్త పాసు పుస్తకాలు ఇచ్చినప్పుడు 2-10 అని పడాల్సిన చోట 2-01 అని పడింది. సున్నా పోలేదు, పుస్తకంలోనే ఉంది. ఒకటికి కుడివైపు కూర్చోవాల్సింది ఎడమవైపు కూర్చుంది. దాన్ని లేపి ఇటు కూర్చోబెట్టండి మహాప్రభో అని నా అర్జీ. తేడా తొమ్మిది గుంటలు. గుంటకు 121 గజాల లెక్కన 1,089 గజాలు. హనుమకొండలో అంత జాగా ఉంటే ఈపాటికి అపార్ట్‌మెంట్ లేచేది. మాది పత్తి చేను కాబట్టి సున్నాకు తొందర లేదు.

అర్జీని కదిలించడంలో మొదటి చిక్కు టైమింగ్. ఇరవై రోజులకే వెళ్తే, "పెట్టి నెల గాలే, గప్పుడే ఆగమైతున్నరు" అన్నారు. సరేనని రెండేళ్లాగి వెళ్లాను. "ఇన్నొద్దులు ఏం జేసిండ్రు? గప్పుడే రావాలె గద" అన్నారు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక శుభ ముహూర్తం ఉండే ఉంటుంది. బహుశా ఏ గురువారం మధ్యాహ్నమో, లంచ్ అయ్యాక, టీ రాకముందు. నాకు దాటిపోయింది.

మధ్యలో కాలం మారింది. 2020 అక్టోబర్ 29న భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, కాగితాలు చెల్లవు, ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు. పెట్టాను. 2021లో జిల్లాల పేర్లు మారాయి, అర్జీ మీద పాత జిల్లా పేరుందన్నారు. మార్చాను. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, జూన్‌లో ఊళ్లోనే రెవెన్యూ సదస్సు పెట్టి మళ్లీ అర్జీ తీసుకున్నారు. అర్జీలు తీసుకోవడంలో మాత్రం వాళ్లనెప్పుడూ తప్పు పట్టలేం. రెండు చేతులతో తీసుకుంటారు.

ఒకసారి ఉండబట్టలేక పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడిగాను. 2005 చట్టం ముప్పై రోజుల్లో జవాబివ్వాలంటుంది. జవాబుకన్నా ముందు ఫోన్ వచ్చింది. "ఏందన్నా, గింతదానికి ఆర్టీఐ ఏసినవ్? మమ్ములనే ఒక్క మాట అడిగితే అయిపోవు గద!" ఎంత నొచ్చుకున్నాడో పాపం. ఆ ఒక్క మాటనే మూడేళ్లు అడిగానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాకు ఓపిక లేదని మాత్రం అనకండి. నాది ఓరుగల్లు. కాజీపేటకు వస్తుందన్న కోచ్ ఫ్యాక్టరీ 1980లలో పంజాబ్‌లోని కపుర్తలాకు పోతే, 2014 విభజన చట్టంలో ఆ మాట మళ్లీ రాసుకుని, 2023 జులై 8న రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేయించుకున్న జనం మేము. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని బాగుచేద్దామని 2006లో విప్పితే, 2024 శివరాత్రికి తలుపు తెరిచారు. ఆ రాళ్లకు నంబర్లు వేసి పెట్టారు కాబట్టి ఏ రాయి ఆ చోటికి చేరింది. నా అర్జీకీ నంబరుంది, అదే నా ధైర్యం.

ఇక ఆ సోమవారం. ఒకటో టేబుల్ సారుకు పాత రసీదు చూపించాను. దొంగ నోటును చూసినట్టు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది మస్తు పాతది. దీన్ని గెలుకుడెందుకు? కొత్తది పెట్టుకోరాదుండ్రి" అన్నాడు. న్యాయమే అనిపించింది. గేటు ముందు జిరాక్స్ సెంటర్‌లో కొత్తది టైపు చేయించుకుని రెండో టేబుల్‌కు వెళ్లాను. మేడం సర్వే నంబరు కొట్టి ఆగిపోయింది. "దీని మీద మీదే పాతది ఉన్నది గద సార్? మళ్ల ఎట్ల తీసుకుంట, డబుల్ అయితది. ఆ సారును క్లోజ్ చేయమనుండ్రి."

రెండు టేబుళ్ల మధ్య నాలుగడుగులు. నడిచాను. "పని గాకుంట ఎట్ల క్లోజ్ చేస్తం? రూల్ ఒప్పుకోదు" అన్నాడు సారు. రూలు మీద ఆయన భక్తికి చలించిపోయాను.

"అయితే పని చేయండి సార్."

"చేస్తుంటిమి గని, అర్జీ పాతది గద!"

మళ్లీ నాలుగడుగులు. మళ్లీ నాలుగు. ఐదోసారికి, "మీరిద్దరూ ఒక్కసారి మాట్లాడుకుంటే..." అన్నాను. అదీ మర్యాద కాదట, సెక్షన్లు వేరట. ఇద్దరి నెత్తిన తిరిగేది ఒకటే ఫ్యాను. ఒంటిగంటకు ఒకే డబ్బాలోంచి మామిడికాయ తొక్కు కూడా పంచుకున్నారు. సున్నా ఊసు మాత్రం రాలేదు. చివరికి అటెండర్ జాలిపడి, పాతదాన్ని కొత్తదాని వెనక పిన్ను కొట్టమన్నాడు. కొట్టాను. ఇప్పుడది పాతదీ కాదు, కొత్తదీ కాదు కనుక మూడో టేబుల్‌కు పోవాలట. మూడో టేబుల్ సారు ట్రైనింగ్‌కు పోయాడు.

అక్కడే లైన్లో ఒక అవ్వ. ముసలాయన పోయాక ఆ పింఛను తన పేరు మీదికి మార్చమని తిరుగుతోంది. నెలకు 2,016 రూపాయలు. యూరియా సంచితో కుట్టిన చేతిసంచిలో ఏడు అర్జీల జిరాక్సులు, మడతల దగ్గర చిరిగి ఉన్నాయి. స్టాంపు సిరా వెలిసిపోయి తేదీలు కనపడటం లేదు. ఆమెను చూసి సారు గట్టిగా అన్నాడు. "ఏందవ్వా, బస్సు ఫ్రీ అయినకాంచి ఊకె వస్తున్నవ్?" లైన్లో నలుగురు నవ్వారు.

ఊకె వస్తోందా? ఏడు కాగితాలు తీసుకుని ఒక్కదానికీ జవాబు చెప్పలేదు కాబట్టి వస్తోంది! మొదటి కాగితానికే పని చేసి ఉంటే ఆమె ముఖం మీకు రెండోసారి కనపడేది కాదు. టికెట్టు ఫ్రీ అయింది, ఆమె మోకాళ్లు ఫ్రీ కాలేదు. పొద్దున ఏమీ తినకుండా వచ్చి రెండింటి దాకా గోడకానుకుని నిలబడ్డది ఫ్రీ కాదు. పని ఆపినవాడు కుర్చీలో కూర్చుని జోకులేస్తాడు. ఆగిన మనిషి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి, మళ్లీ వచ్చినందుకు! ఆమె ఆ మాటకు ఏమందో తెలుసా? "తప్పైంది బిడ్డా" అంది. ఆమె అంది, తప్పైందని!

క్షమించాలి. గొంతు పెరిగింది. ఇది కూడా మర్యాద కాదు.

సాయంత్రం మళ్లీ జిరాక్స్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడ నన్ను సున్నా సారు అంటారు. నా అర్జీ వాళ్ల కంప్యూటర్‌లో ఆ పేరుతోనే ఉంటుంది. వచ్చే సోమవారానికి మూడో టేబుల్ పేరు మీద ఇంకొకటి కావాలన్నాను. పిల్లవాడు ప్రింట్ కొట్టి, కాగితాల కట్ట చేతిలో పెట్టాడు. చూస్తే పది కాపీలు.

"తేదీ కాడ ఖాళీ వదిలిపెట్టిన సార్" అన్నాడు. "ఊకె రావుడెందుకు మీరు."