సిస్కో లెక్క ఎవరూ చెప్పరేం?

మొన్న మయూరి జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే పక్క బెంచీ కుర్రాళ్లు ఏఐ షేర్ల గురించి తెగ మాట్లాడేసుకుంటున్నారు. "టెక్నాలజీ నిజమే కదా బావా, మరింక షేరు పడడమేటి?" అన్నాడొకడు. నాకు ఒళ్లు మండింది. 2000 ఫిబ్రవరిలో గంటస్తంభం దగ్గర సబ్‌బ్రోకర్ ఆఫీసు మెట్ల మీద మా చిన్నమావయ్య సరిగ్గా ఇదే అన్నాడు. అప్పుడు ఏఐ బదులు ఇంటర్నెట్, అంతే తేడా.

పదడుగుల గది, ఒక తెర, దాని ముందు పాతిక తలకాయలు. డాబా మీద డిష్. గట్టి వాన పడితే సిగ్నల్ పోయేది, అందరూ కిందకి దిగి పకోడీలు తినేవారు. పీఈ రేషియో (కంపెనీ లాభానికి షేరు రేటు ఎన్ని రెట్లో చెప్పే లెక్క) అంటే డ్రిల్ మాస్టారి వ్యవహారమనుకునేవాళ్లు కూడా 'ఇన్ఫీ' అని ముద్దుగా పిలిచేవారు. 1999 మార్చిలో ఇన్ఫోసిస్ అమెరికా షేర్ బజారు నాస్‌డాక్ ఎక్కింది. నవంబరులో సత్యం ఇన్ఫోవే, ఇండియావరల్డ్‌ని 499 కోట్లకి బేరమాడింది. "నాలుగు వెబ్‌సైట్లకి అంత డబ్బేటి?" అని రిటైరైన హెడ్మాస్టారొకరు అడిగితే అందరూ నవ్వారు. మర్నాడు ఆయనా కొన్నారు.

పైగా బదలా ఒకటి. చేతిలో పూర్తి డబ్బు లేకున్నా అప్పట్లో కొనేయొచ్చు. సెటిల్‌మెంట్ రోజున మొత్తం కట్టక్కర్లేదు, వడ్డీలాంటిది పడేసి వచ్చే సెటిల్‌మెంట్‌కి తోసేయడమే. రేటు పెరిగినన్నాళ్లూ అది అప్పని ఎవరికీ తోచదు.

2000 మార్చి 10న నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబరుకి 1,114. ఈ మధ్యలో, 2001 మార్చిలో, ముంబయి షేర్ బ్రోకరు కేతన్ పరేఖ్ అరెస్టయ్యాడు. అదే ఏడాది జూలైలో బదలా బంద్. అప్పట్నుంచీ మావాళ్లది ఒకటే పాట, కేతన్ ముంచేశాడని. కె-10 అని పేరుపడ్డ తన పది షేర్లని ఆడించాడు, కాదన్ను. మరి అమెరికాలో ముంచిందెవరు?

సిస్కోనే తీసుకోండి. బోర్డు తిప్పేసిన బాపతు కాదు, ఇంటర్నెట్ నడిచే రౌటర్లు చేసి అమ్మే కంపెనీ. 2000 మార్చిలో ప్రపంచంలోకెల్లా ఖరీదైనది. ఆ తర్వాత వ్యాపారం దాదాపు మూడు రెట్లయింది కూడా. అయినా ఆనాటి 80 డాలర్ల రేటు మళ్లీ కనబడ్డానికి 2025 డిసెంబరు రావలసి వచ్చింది. ఇంటర్నెట్ గురించి మావయ్య చెప్పిన ప్రతి ముక్కా నిజమైంది. మెంటాడలో ఆనపకాయ కొన్నా ఇవాళ స్కాన్ చేయమంటున్నారు. ఆయన అడగనిది ఒక్కటే, ఈ నిజానికి ఎంత పెట్టి కొంటున్నానని. కుర్రాళ్లని నేనదే అడిగాను, "ఏ రేటుకి కొన్నారు నాయనా?" అని. ఒకడు ఫోన్ తీసి, పోయిన నెల్లో ఎంత పెరిగిందో చూపించాడు.

మావయ్య కొన్నది ఓ మద్రాసు సాఫ్ట్‌వేర్ కంపెనీ. మేడ మీద స్లాబు వేయిద్దామని తీసిన పీఎఫ్ లోను అందులోకి పోయింది. మేడ లేవలేదు. పిల్లర్లకి వదిలిన ఇనుప చువ్వలు అలాగే ఉన్నాయి, తుప్పుపట్టి. అత్తయ్య వాటికే తాడు కట్టి బట్టలారేస్తుంది.